సారూప్యం, అంకె, కొల్లేటి గొంతు

అనలాగ్‌ను తెనుగులో ఏమనాలన్న చర్చ మనవాళ్ళలో చాలాకాలంగా ఉన్నదే. 'సారూప్య' అన్నవారున్నారు, డిజిటల్‌కు 'అంకీయ' అనీ, 'అంకాత్మక' అనీ అన్నవారున్నారు. పారిభాషిక పదాల మీద నాకు పెద్ద పట్టుదల లేదు. జనం నోట ఆడేదే చివరకు నిలుస్తుందని నా నమ్మకం. కానీ 'సారూప్యం' అన్న మాట ఒక్కటి మాత్రం నన్ను పట్టుకుని వదలలేదు. సాలోక్యం, సామీప్యం, సారూప్యం, సాయుజ్యం అని ముక్తి నాలుగు విధాలంటారు పెద్దలు. దేవుడి లోకంలో ఉండటం, ఆయన చెంత ఉండటం, ఆయన రూపాన్ని పొందటం, ఆయనలో కలిసిపోవటం. పాతకాలపు టెలిఫోను తీగలో పారిన విద్యుత్తుకు దక్కింది ఈ మూడోది. మనిషి గొంతు హెచ్చితే తానూ హెచ్చి, తగ్గితే తానూ తగ్గి, వణికితే తానూ వణికి, ఆ గొంతు రూపాన్నే తాల్చి ప్రవహించేది. డిజిటల్‌కు ఆ రూపంతో పని లేదు. అది గొంతును కొలుస్తుంది. కొలతల పట్టీని పంపుతుంది. అవతలి ఒడ్డున ఆ పట్టీ చూసి కొత్త గొంతు తయారుచేస్తారు.

ఈ రెంటిలో ఏది దేన్ని పోగొడుతుందన్నది పైకి ఇంజనీర్ల గొడవలాగే కనిపిస్తుంది. ఏలూరుకూ తాడేపల్లిగూడేనికీ కొల్లేటి లంకలకూ మధ్య బంధువర్గం చెదిరి ఉండి, అయినవాళ్ళ గొంతులు ఏళ్ళ తరబడి తీగలోనే విన్నవాడికి అది సొంత గొడవ అవుతుంది.

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం సుమారు యాభై కిలోమీటర్లు. దెందులూరు, భీమడోలు, పూళ్ళ, ఉంగుటూరు మీదుగా మద్రాసు - హౌరా రైలుమార్గం పోతుంది. అలాంటి మార్గాల పక్కనే వరసగా స్తంభాలు, వాటి అడ్డకర్రల మీద తెల్లని పింగాణీ గిన్నెలు, వాటికి చుట్టిన రాగితీగలు ఉండేవి. తీగల మీద ఏట్రింతలూ లకుముకి పిట్టలూ కూర్చునేవి. పిల్లలం స్తంభానికి చెవి ఆనించి వినేవాళ్ళం. లోపల ఏదో హోరు. ఎవరో మాట్లాడుకుంటున్నారని మా ఊహ. నిజానికి అది గాలికి తీగ కంపించి చేసే మోత మాత్రమే. తీగలో పోయే మాట చెవికి వినబడేది కాదు. ఆ స్తంభం దగ్గర అది శబ్దం కాదు, శబ్దానికి సారూప్యం.

ఆ సారూప్యానికి ఒక శాపం ఉంది. దారి పొడుగునా అది కృశిస్తుంది. రాగి నిరోధానికి కొంత పోతుంది. వాన కురిస్తే తడిసిన పింగాణీ మీదుగా మరికొంత నేలకు జారిపోతుంది. అందుకే శ్రావణ భాద్రపదాల్లో ట్రంకు కాల్ గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉండేది. కృశించిన గొంతును నడుమ ఎక్కడో ఒక యాంప్లిఫయర్ పెట్టి పెంచుతారు. కానీ ఆ యంత్రానికి గొంతేదో హోరేదో తెలియదు; రెండూ తరంగాలే కనుక రెంటినీ కలిపి పెంచుతుంది. తరువాతి మజిలీలో కొత్త హోరు చేరుతుంది, పాత హోరుతో సహా మళ్ళీ పెరుగుతుంది. కాలవ నీరు దిగువకు పోయేకొద్దీ ప్రతి ఊరి మురుగునూ కలుపుకున్నట్టే ఇది. కలిశాక విడదీసే ఉపాయం లేదు.

ఒక జత తీగలకు ఒక్క సంభాషణే అయితే దేశానికి సరిపోదు. అందుకని ఒక్కొక్క గొంతును ఒక్కొక్క ఎత్తుకు లేపి, ఒకదాని మీద ఒకటిగా పేర్చి, అదే తీగ మీద పంపే క్యారియర్ పద్ధతి వచ్చింది. మనిషికి నాలుగు వేల హెర్ట్జ్ వెడల్పు. అలా పన్నెండు గొంతులు చేరితే ఒక గ్రూపు. 60 నుంచి 108 కిలోహెర్ట్జ్ వరకు దాని చోటు. ఐదు గ్రూపులు కలిస్తే అరవై గొంతుల సూపర్ గ్రూపు. రైల్లో బెర్తుల వంటి ఏర్పాటు. బెర్తుల మధ్య తడిక పలచబడితే పక్కవారి మాటలు మనకు వినబడేవి. ఎవరి ఇంటి పెళ్ళిసంబంధమో, ఎవరి మిల్లు ధాన్యం బస్తాల లెక్కో లీలగా నడుస్తూ ఉండగా మన కబుర్లు మనం చెప్పుకోవలసి వచ్చేది.

ఈ హోరులో బతకడానికి జనం సొంత ఉపాయాలు కనిపెట్టుకున్నారు. కొల్లేటి చేప మంచుపెట్టెల్లో హౌరా బజారుకు పోతుంది. మా మావయ్య ఆ వ్యాపారంలో కొన్నాళ్ళున్నాడు. ధర కనుక్కోవడానికి ట్రంకు కాల్ బుక్ చేసి పూటంతా కాచుకునేవాడు. ఆ హోరులో 'ఇరవై'కీ 'అరవై'కీ తేడా ఒక్క అచ్చు. ఆ అచ్చు గాలికి పోతే లోడు మొత్తం మునిగినట్టే. అందుకని అవతలి ఏజెంటు 'అరవై' అనేవాడు కాదు, "ఆరు, సున్నా. మావయ్యగారూ, ఆరు, సున్నా" అని రెండుసార్లు అనేవాడు. మావయ్య మళ్ళీ "ఆరూ, సున్నా" అని తిరిగి అప్పజెప్పేవాడు. సంఖ్యను అంకెలుగా విడగొట్టడం, రెండుసార్లు పంపడం, అందినట్టు తిరిగి చెప్పించుకోవడం! డిజిటల్ ప్రసారంలో ప్రాణప్రదమైన సూత్రాలు మూడూ ఆ చేపల వ్యాపారుల నోట అప్పటికే ఉన్నాయి. ఎవరూ నేర్పలేదు, నష్టం నేర్పింది.

నిజానికి అంకె కొత్తది కాదు, టెలిఫోనే నడుమ వచ్చింది. మన దేశానికి 1850లలో వచ్చిన తంతి పూర్తిగా డిజిటలే. చుక్క, గీత. ఉన్నది, లేదు. శుభాకాంక్షల తంతికైతే వాక్యం కూడా పంపేవారు కాదు. ఒక్కొక్క వాక్యానికి ఒక్కొక్క నంబరుండేది, ఆ నంబరు పోతే చాలు, అవతలి ఆఫీసులో వాక్యం సిద్ధంగా ఉండేది. 2013 జూలైలో తంతి ఆగిపోయింది కానీ దాని సూత్రం ఇవాళ మన ప్రతి ఫోనులోనూ బతికే ఉంది.

ఆ సూత్రాన్ని గొంతుకు అన్వయించినవాడు అలెక్ రీవ్స్ అనే ఆంగ్లేయుడు. 1937లో పారిస్‌లో పనిచేస్తూ ఉండగా హోరు సమస్యకు అతడికి ఈ ఉపాయం తోచింది. గొంతు తరంగాన్ని క్రమం తప్పకుండా కొలుద్దాం. ప్రతి కొలతనూ దగ్గరి మెట్టుకు సర్దుదాం. ఆ మెట్టు సంఖ్యను ఉన్నది-లేదుల భాషలో పంపుదాం. అప్పటి వాల్వులతో అది చేయాలంటే తలకు మించిన ఖర్చు. ట్రాన్సిస్టర్ వచ్చాక, 1962లో అమెరికాలో తొలిసారి వాడుకలోకి దిగింది. మన దేశం ఐరోపా లెక్కను తీసుకుంది. సెకనుకు 8,000 కొలతలు, ఒక్కో కొలతకు 8 బిట్లు, అంటే 256 మెట్లు. మొత్తం సెకనుకు 64,000 బిట్లు. ముప్ఫై సంభాషణలను వంతులవారీగా అల్లి, క్రమం కోసం ఒక వంతు, సంకేతాల కోసం ఒక వంతు కలిపి, ముప్ఫైరెండు వంతుల జడగా సెకనుకు 20,48,000 బిట్లు పంపుతారు. మెట్లు కూడా సమానంగా ఉండవు: మెల్లని గొంతుకు చిన్న మెట్లు, కేకకు పెద్ద మెట్లు. గుసగుసలో చిన్న తేడా చెవికి తెలుస్తుంది, కేకలో తెలియదు కనుక.

దారిలో ఇదీ కృశిస్తుంది, దీనికీ హోరు చేరుతుంది. తేడా అంతా నడుమ మజిలీలో ఉంది. అక్కడి యంత్రం వచ్చినదాన్ని పెంచదు, చదువుతుంది. ఇది 'ఉన్నది'యా 'లేదు'యా అన్న ఒక్క ప్రశ్న వేసుకుని, జవాబు తేల్చుకుని, కొత్తగా, శుభ్రంగా రాసి పంపుతుంది. పాత తాళపత్రానికి ప్రతి రాసే లేఖకుడి పని అదే. పురుగు తిన్న ఆకులో 'అ' సగమే మిగిలినా అతడు 'అ' అని పోల్చుకుంటే చాలు; తన ఆకు మీద నిండైన 'అ' రాస్తాడు. పురుగు కొట్టిన కన్నం ప్రతిలోకి దిగదు. అందుకే వంద మజిలీలు దాటినా గొంతు పక్కగదిలోంచి వచ్చినట్టే వస్తుంది.

1984లో సీ-డాట్ ఏర్పడి పల్లెలకు తగిన చిన్న డిజిటల్ ఎక్స్‌ఛేంజీలు తయారుచేయడం, ఫ్రెంచి సాంకేతికతతో మన్కాపూర్‌లో ఈ-టెన్-బీ ఎక్స్‌ఛేంజీల తయారీ, ఆ వెంట గాజు నారల కేబుళ్ళు... అన్నీ కలిసి 1990లలో మన జిల్లాల గొంతు మారిపోయింది. లంకలో ఉన్న మా పెద్దమ్మకు ఆ మార్పు నచ్చలేదు. హైదరాబాదు నుంచి మాట్లాడితే మొదటి ప్రశ్న, "ఒరే, ఏలూరు ఎప్పుడొచ్చావు?" రాలేదు పెద్దమ్మా, హైదరాబాదులోనే ఉన్నానంటే నమ్మేది కాదు. "మరి గొంతు ఇంత దగ్గరగా ఉందేంరా, నన్ను ఆట పట్టిస్తున్నావా?" అనేది. ఆవిడ లెక్కలో హోరు అంటే దూరం. హోరు లేదంటే ఇంటికి వస్తున్నట్టు. ఎదురుచూసి చూసి, రాకపోతే చిన్నబుచ్చుకునేది. అనలాగ్ తీగ మాటతో పాటు దూరాన్నీ మోసుకొచ్చేదని, అది లోపమే కాక సమాచారం కూడానని, ఏ పాఠ్యగ్రంథమూ నాకు ఇంత బాగా చెప్పలేదు.

అయితే అంకె తెచ్చిన శుభ్రతకు మరో ముఖం ఉంది. అనలాగ్ చావు నెమ్మది చావు. గొంతు క్షీణిస్తూ క్షీణిస్తూ కూడా ఏదో చెబుతూనే ఉంటుంది. డిజిటల్ అలా కాదు, గట్టు విరిగినట్టు ఒక్కసారిగా పోతుంది. పరచుకున్న నీటి మీదుగా రేడియో తరంగం పంపినప్పుడు ఇది బాగా తెలుస్తుంది. నేరుగా వచ్చేదొకటి, నీటి మీద పడి లేచి వచ్చేదొకటి. రెండూ ఎదురుబొదురై ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. చలికాలపు తెల్లవారుజామున మంచు కమ్మి గాలి పొరలు పొరలుగా నిలిచిపోయినప్పుడు మరీను. అనలాగ్ రేడియోలో అప్పుడు హోరు పెరుగుతుంది. డిజిటల్‌లో మాట ముక్కలై మాయమవుతుంది, లేదా నిశ్శబ్దం.

అంతకన్నా సూక్ష్మమైన సంగతి ఒకటుంది. లేఖకుడు సగం చెరిగిన అక్షరాన్ని పొరబాటుగా పోల్చుకున్నాడనుకోండి. అప్పుడూ అతడు నిండుగా, అందంగానే రాస్తాడు. తప్పు కూడా ఒప్పంత శుభ్రంగా ఉంటుంది. పాఠభేదాలు పుట్టేది అక్కడే. హోరులో నలిగిన మాట తాను నలిగానని తానే చెబుతుంది; తప్పుగా చదివి తిరగరాసిన అంకె చెప్పదు. అందుకే అంకెల వెంట వాటిని సరిచూసే అంకెల్ని కూడా పంపవలసి వచ్చింది. "ఆరూ, సున్నా" అని మావయ్య తిరిగి అప్పజెప్పడం దాని తొలిరూపమే.

ఇక నష్టాల సంగతి. డిజిటల్ వచ్చి గొంతులోని జీవం తీసేసిందని వాపోయేవారున్నారు. టెలిఫోను విషయంలో ఇది అన్యాయపు నింద. టెలిఫోను గొంతుకు కంచె వేసింది అనలాగ్ కాలమే. 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకు ఉంటే మాట అర్థమవుతుంది, మిగతాది అనవసరమని అప్పుడే తేల్చారు. నాలుగు వేల హెర్ట్జ్ బెర్తు దాని కోసమే. తరంగంలో ఉన్న అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు సార్లు కొలిస్తే ఆ తరంగాన్ని తిరిగి నిర్మించవచ్చన్నది సిద్ధాంతం. నాలుగు వేలకు రెట్టింపు ఎనిమిది వేలు. ఆ ఎనిమిది వేల కొలతలు అలా వచ్చినవే. అంకె ఆ కంచెను వారసత్వంగా పొందింది, అంతే.

కంచెకు అవతల ఏమున్నాయి? కింది వైపున, మగవాడి గొంతు మూలస్వరం చాలావరకు 100 - 150 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అది తీగలోకి రానే రాదు. మా నాన్నగారి గంభీరమైన గొంతు ఫోనులో విన్నాననుకున్న ప్రతిసారీ పైస్వరాలను బట్టి అడుగుస్వరాన్ని నా చెవే కల్పించుకుంది. పై వైపున, 'స'కారపు ఈల వంటి ధ్వని ఎక్కువగా నాలుగు వేలకు పైనే ఉంటుంది. అందుకే ఫోనులో 'స', 'ఫ'లు తికమకపడతాయి. పేరు చెప్పేటప్పుడు "సీతమ్మలో స" అని విడమరచవలసి వస్తుంది. దాని పక్కనే మన భాషకు దగ్గరి నష్టం మరొకటుంది: ౘలి, ౘుక్క, ౘాప, ౙున్ను, ౙొన్న అన్నప్పుడు పలికే దంత్య చ-జలు. 'చంద్రుడు'లోని చకారానికీ 'ౘలి'లోని చకారానికీ తేడా చూపే రాపిడి చాలావరకు ఆ కంచెకు అవతలిదే. పెద్దమ్మ ఫోనులో 'ౘలి' అంటే నాకు వినబడింది నలిగిన ౘకారమే.

విచిత్రమేమంటే, గొంతుకు పడిన కంచె లిపికీ పడింది. బ్రౌను దొర 1852 నాటి నిఘంటువులో ఈ ౘ, ౙలను వేరు చేసి చూపాడు. మనం సంబరంగా తెలుగు అక్షరాలను అంకెలుగా మార్చి తెర మీద రాయడం మొదలుపెట్టిన తొలి రోజుల్లో యూనికోడ్ పట్టికలో ఈ రెంటికీ చోటు లేదు. 2008లో వెలువడిన 5.1 కూర్పుతో గానీ వాటికి సంఖ్యలు దక్కలేదు. నకారపొల్లు 2021 దాకా ఆగవలసి వచ్చింది. పట్టికలో సంఖ్య లేని అక్షరం కృశించదు, నలగదు, అసలు బయలుదేరదు.

అనలాగ్‌కూ డిజిటల్‌కూ అసలు తేడా నాకు ఇక్కడ కనిపిస్తుంది. తీగ మీద పోయేది వానకు పోయింది, తుప్పుకు పోయింది, దూరానికి పోయింది. దానికి బాధ్యుడు లేడు. అంకెల్లో పోయేది మాత్రం ఎవరో ఒకరు కూర్చుని, ఇన్ని మెట్లు చాలు, ఈ హద్దు చాలు అని నిర్ణయించినందువల్ల పోతుంది.

నిర్ణయపు హద్దు ఎలా ఉంటుందో కొల్లేటివారికి ఒకరు చెప్పనక్కరలేదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చి పోస్తే నిండి, ఉప్పుటేరు తీసుకుపోతే తగ్గే సరస్సు అది. వానాకాలపు కొల్లేరు వేరు, వేసవి కొల్లేరు వేరు. కొల్లేటి చేంతాడు సామెత కూడా ఆ నీరు ఒకచోట నిలవదనే చెబుతుంది. ఎక్కడ నేల ముగిసి ఎక్కడ నీరు మొదలవుతుందో చెప్పలేని ఆ సారూప్యానికి కూడా మెట్లు వేయక తప్పలేదు. 1999లో సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా 308.55 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లను తెంచారు. గీత వేయకపోతే సరస్సు చెరువుల కింద పూర్తిగా కనుమరుగయ్యేది; వేసినందువల్ల గీతకు జానెడు ఇటున్నవాడి బతుకొకటి, జానెడు అటున్నవాడి బతుకొకటి అయ్యాయి. దాన్ని మూడడుగులకు దించాలన్న కోరిక అందుకే ఇన్నేళ్ళుగా వినబడుతూనే ఉంది. గీత ఉండాలా వద్దా అన్నదానికన్నా, ఎక్కడ ఉండాలో ఎవరు నిర్ణయించాలన్నదే అక్కడి తగవు. మనిషి వేసిన హద్దు కనుకనే దాన్ని గురించి వాదించవచ్చు.

గొంతుకు వేసిన హద్దూ అలాగే కదిలింది. ఇప్పుడు వోల్టీ ఫోన్లలో రెండు వైపులా ఆ వసతి ఉంటే 50 నుంచి 7,000 హెర్ట్జ్ దాకా గొంతు పోతుంది. దంత్య చకారం దాదాపు శతాబ్దం తరువాత తీగ దాటి, గాలి దాటి, ఉన్నదున్నట్టు చెవిని చేరుతోంది. కానీ ఈలోగా పలికేవారు తగ్గిపోతున్నారు. బడిలో చదువుకున్న మా తరమే ౘ, చ ఒక్కటి చేసి పలుకుతోంది.

అందువల్ల మిత్రులకు నా మనవి ఒక్కటే. ఇంట్లో ఎనభైలు దాటినవారుంటే, వలల గురించో దోనెల గురించో మంత్రసాని కథల గురించో వాళ్ళ మాటల్ని పట్టి ఉంచాలనుకుంటే, ఫోనులో మాట్లాడి ఆ కాల్‌ను రికార్డు చేయడంతో సరిపెట్టుకోవద్దు. వాట్సాప్ మాటలూ కుదించి పంపేవే. ఎదురుగా కూర్చుని, మంచి మైకు పెట్టి, సెకనుకు 44,100 కొలతలకు తగ్గకుండా, 16 బిట్లతో, కుదించని వేవ్ ఫైలుగా ఉంచండి. 256 మెట్లకు బదులు 65,536 మెట్లు. పాత టెలిఫోను లెక్కలో గంట మాటకు దాదాపు 29 మెగాబైట్లయితే దీనికి 318. ఈనాటి డిస్కుల ధరకు అది భారమే కాదు.

మా పెద్దమ్మకు ఇప్పుడు చెవి సరిగా వినబడదు, మాట మాత్రం స్పష్టం. సంక్రాంతికి లంకకు వెళ్ళి మూడు పూటలు కూర్చోబెట్టి మాట్లాడించాను. తొలి పది నిమిషాలూ మైకు చూసి, అది ఫోననుకుని, హైదరాబాదు దాకా వినబడాలని అరుస్తూనే ఉంది.